మందుల గోడౌన్ స్క్రీన్‌కి రంగులు తెప్పించిన కేసు: ఎన్‌కర్సెస్, టర్మ్, పుట్టీ

విజయవాడలో ఒక మందుల స్టాకిస్ట్ దగ్గర స్టాక్ ప్రోగ్రామ్ నేను చూసుకుంటున్నాను. సి భాషలో రాసింది, అక్షరాల తెర మీద విండోలు, రంగులు చూపించే కర్సెస్ లైబ్రరీ మీద నడుస్తుంది, డెబియన్ లినక్స్ సర్వర్ మీద ఉంటుంది. గోడౌన్‌లో తొమ్మిది మంది విండోస్ పీసీల నుంచి పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌తో లాగిన్ అయి పొద్దున్నుంచి రాత్రి దాకా అదే స్క్రీన్ చూస్తుంటారు. 24 వరుసలు, 80 గళ్లు, నల్లటి తెర మీద బూడిద రంగు అక్షరాలు. దీన్ని వెబ్‌లోకి మార్చేద్దామని యజమాని రెండుసార్లు అన్నారు, రెండుసార్లూ ఆపరేటర్లే వద్దన్నారు. ఫంక్షన్ కీలతో ఇన్‌వాయిస్ ఎంత వేగంగా కొడతారో పక్కన నిలబడి చూశాక నేనూ వాళ్ల మాటే సరైనదని ఒప్పుకున్నాను.

సమస్య ఎక్స్‌పైరీతో వచ్చింది. బ్యాచ్‌ల లిస్టులో షార్ట్ ఎక్స్‌పైరీ, అంటే గడువు దగ్గరపడ్డ సరుకు లైను, రెండేళ్ల గడువున్న సరుకు లైను, రెండూ ఒకేలా ఉంటాయి. నెల, సంవత్సరం ఉన్న కాలమ్‌ని కళ్లు పెట్టి చదివితేనే తేడా. సాయంత్రం ఆరింటికి, మూడు వందల లైన్లు కొట్టేశాక, ఎవరి కళ్లు చదువుతాయి చెప్పండి. ఒకరోజు నెల కూడా గడువు లేని బ్యాచ్ ఒకటి ఊళ్లో షాపుకి వెళ్లిపోయింది. అక్కడి షాపాయన చూసి తిప్పి పంపారు కాబట్టి పేషెంట్ దాకా పోలేదు. మర్నాడు గోడౌన్ సీనియర్ ఆపరేటర్ నాకు ఫోన్ చేసి, "సార్, ఇంకేం వద్దు, ఆ లైను ఎర్రగా కనపడితే చాలు సార్" అన్నారు. రెండు రోజుల పని అని చెప్పాను. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో ప్రతి మలుపులోనూ తప్పు నేను వెతికిన చోట కాకుండా ఇంకో చోట ఉంది.

ముందు ఒక మాట. మనలో చాలామంది ఇంజనీరింగ్ కాలేజీలో టర్బో సి మీద నేర్చుకున్నవాళ్లమే. అక్కడ టెక్స్ట్‌కలర్ అని పిలిచి రెడ్ అని ఇస్తే, ఆ తర్వాత సి-ప్రింట్ఎఫ్‌తో రాసింది ఎర్రగా వచ్చేది. విండో అనే ఫంక్షన్ కూడా ఉండేది. అది ఎలా పనిచేసిందంటే, డాస్‌లో ప్రోగ్రామ్, స్క్రీన్ ఒకే మెషీన్‌లో ఉంటాయి, అక్షరాన్నీ దాని రంగునీ నేరుగా వీడియో మెమరీలో రాసేయొచ్చు. యూనిక్స్‌లో ఆ దారి లేదు. ప్రోగ్రామ్ ఒక చోట, తెర ఇంకో చోట. మధ్యలో బైట్లు పోయే ఒక తీగ. ఆ చివర ఉన్నది ఎలాంటి తెర, దానికి రంగులు వచ్చా రావా అన్నది ప్రోగ్రామ్‌కి చూసి తెలుసుకునే వీలు లేదు, ఎవరో చెప్పాలి. ఆ చెప్పేది టర్మ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. అందులో ఉన్న పేరు పట్టుకుని టర్మ్‌ఇన్ఫో డేటాబేస్‌లో ఆ తెర లక్షణాలు వెతుక్కుంటుంది లైబ్రరీ. ఈ కేసులో నేను పడ్డ చిక్కుల్లో మూడు ఆ ఒక్క పేరు అబద్ధం చెప్పడం వల్ల వచ్చినవే.

ఇది ఇలా ఎందుకుందో కొంచెం చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది. బర్క్‌లీలో బిల్ జాయ్ విఐ ఎడిటర్ కోసం టర్మ్‌క్యాప్ అనే పద్ధతి తెచ్చారు, ఏ టెర్మినల్‌కి ఏ కోడ్ పంపాలో రాసిపెట్టిన ఫైలు అది. దాని మీద కెన్ ఆర్నాల్డ్ కర్సెస్ లైబ్రరీ రాశారు. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో మేరీ ఆన్ హార్టన్ (అప్పట్లో మార్క్ హార్టన్) టర్మ్‌ఇన్ఫో చేశారు. అప్పటి టెర్మినళ్లలో బాగా పేరున్నది డెక్ కంపెనీ 1978లో తెచ్చిన విటి100, దానికి రంగులే లేవు. అందుకే మొదటి కర్సెస్‌లోనూ రంగులు లేవు. సిస్టమ్ ఫైవ్ రిలీజ్ 3.2లో వచ్చి చేరాయి. మనం ఇప్పుడు లినక్స్‌లో వాడే ఎన్‌కర్సెస్ ఆ సిస్టమ్ ఫైవ్ కర్సెస్ దారిలో నడిచే ఉచిత లైబ్రరీ, 1990ల నుంచి ఉంది, థామస్ డికీ దాన్ని ఇన్నేళ్లుగా చూసుకుంటున్నారు. రంగులు తర్వాత అతికించినవి కాబట్టే వాటి పద్ధతి కొంచెం వింతగా ఉంటుంది. ఆ విషయానికి మళ్లీ వస్తాను.

సరే, కేసు. ప్రోగ్రామ్ సోర్స్ తెరిచి చూస్తే నాకంటే ముందు చూసుకున్నాయన ఎవరో రంగు ప్రయత్నం ఒకటి అప్పటికే చేసి వదిలేశారు. కర్సెస్ స్క్రీన్ మధ్యలో ప్రింట్ఎఫ్‌తో నేరుగా తెరకి ఆదేశాలిచ్చే ఎస్కేప్ కోడ్లు పంపారు, ఎస్కేప్, స్క్వేర్ బ్రాకెట్, 31, చిన్న ఎమ్ అన్నమాట. 30 నుంచి 37 దాకా అక్షరం రంగులు, 40 నుంచి 47 దాకా వెనక రంగులు, 31 అంటే ఎరుపు. కోడ్ సరైనదే. షెల్‌లో ఎకో చేస్తే బ్రహ్మాండంగా ఎర్రగా వస్తుంది. కర్సెస్ లోపల మాత్రం లైన్లు చెదిరిపోతాయి, రంగు ఎక్కడో మొదలై ఎక్కడో ఆగుతుంది. ఎందుకంటే కర్సెస్ తన దగ్గర రెండు బొమ్మలు పెట్టుకుంటుంది, తెర మీద ఇప్పుడు ఏముంది అన్నది ఒకటి, ఏం ఉండాలి అన్నది ఇంకొకటి. రిఫ్రెష్ అన్నప్పుడు రెండిటికీ తేడా ఉన్న గళ్లు మాత్రమే పంపుతుంది. మీరు దాని వెనకాల ప్రింట్ఎఫ్ చేస్తే కర్సర్ ఎక్కడుందో, ఇప్పుడు ఏ రంగు ఆన్‌లో ఉందో దానికి తెలియదు, దాని లెక్క మొత్తం తప్పుతుంది. ఆ కోడ్ అంతా తీసేశాను. కర్సెస్‌లో ఉన్నంతసేపు తెరతో మాట్లాడేది కర్సెస్ ఒక్కటే అయి ఉండాలి.

తర్వాత సక్రమమైన పద్ధతిలో మొదలుపెట్టాను. కర్సెస్‌ని మొదలుపెట్టే ఇనిట్-ఎస్‌సిఆర్ తర్వాత రంగుల్ని మొదలుపెట్టే స్టార్ట్-కలర్, ఆ తర్వాత ఇనిట్-పెయిర్‌తో ఒక జత, దాన్ని డబ్ల్యూ-ఎట్రాన్‌తో ఆన్ చేసి లైను రాయడం. నా ల్యాప్‌టాప్‌లో మొదటిసారికే ఎర్రగా వచ్చింది. సర్వర్ మీద పెట్టి గోడౌన్ లాగిన్‌తో చూస్తే ఏమీ లేదు, ఎప్పటిలాగే బూడిద. ఎర్రర్ కూడా లేదు. రెండు రోజులు కోడ్‌లోనే వెతికాను, ఆ రెండు రోజులూ వృథా అయ్యాయి. మూడో రోజు గోడౌన్ లాగిన్‌లో టి-పుట్ కలర్స్ అని కొట్టాను, టర్మ్‌ఇన్ఫో ప్రకారం తెరకి ఎన్ని రంగులో చెప్పే కమాండ్ అది. మైనస్ 1 అని వచ్చింది.

ఆ తెరకి రంగులే లేవని టర్మ్‌ఇన్ఫో చెబుతోందని దాని అర్థం. టర్మ్ విలువ చూస్తే విటి100. ఆ యూజర్ ప్రొఫైల్ ఫైల్‌లో ఎవరో ఏనాడో టర్మ్‌కి విటి100 అని రాసి ఎక్స్‌పోర్ట్ చేశారు, సీరియల్ టెర్మినళ్ల కాలం నాటి లైను అయి ఉంటుంది. పుట్టీ తనంతట తను ఎక్స్‌టర్మ్ (రంగులున్న ఇంకో టెర్మినల్ ప్రోగ్రామ్) అని చెప్పుకుంటూ లోపలికి వస్తోంది, ఎస్ఎస్‌హెచ్ ఆ పేరుని జాగ్రత్తగా సర్వర్ దాకా మోసుకొస్తోంది, ప్రొఫైల్ ఫైల్ దాన్ని చెరిపేసి విటి100 అని రాస్తోంది. ఆ లైను తీసేసి మళ్లీ లాగిన్ అయితే టి-పుట్ 8 అంది. ఎరుపు వచ్చింది. అప్పటి నుంచి నాది ఒకటే అలవాటు: రంగు రాలేదంటే మొదట టర్మ్ ఎంత, తర్వాత టి-పుట్ కలర్స్ ఎంత, ఈ రెండూ చూడకుండా సోర్స్ ఫైల్ తెరవను. ప్రోగ్రామ్‌లో కూడా హ్యాజ్-కలర్స్ అడిగి, లేవంటే లాగ్‌లో ఒక లైను రాసేలా పెట్టాను. మొదటి రోజే అది ఉంటే ఆ రెండు రోజులు మిగిలేవి.

ఇంకో చిన్న తప్పు కూడా ఇక్కడే దొరికింది. జతలు కట్టే కోడ్‌ని చక్కగా ఒక ఫంక్షన్‌లో పెట్టి, దాన్ని పొరపాటున స్టార్ట్-కలర్ కంటే ముందు పిలిచాను. ఇనిట్-పెయిర్ అప్పుడు ఎర్రర్ విలువ తిరిగి ఇస్తుంది కానీ నేను దాన్ని చూడలేదు, నిజానికి కర్సెస్ ఫంక్షన్ల రిటర్న్ విలువలు చూసే కోడ్ నేనెక్కడా చూడలేదు. చూడండి, కనీసం రంగుల సెటప్ దగ్గరైనా చూడండి.

ఇప్పుడు జత సంగతి. కర్సెస్‌లో ఎరుపు అనే రంగుతో నేరుగా రాయలేం. అక్షరం రంగు, దాని వెనక రంగు, రెండూ కలిపి ఒక జత కట్టి, దానికో నంబరు ఇచ్చి, ఆ నంబరుతో రాయాలి. ఎనిమిది రంగుల తెరలో ఎనిమిది ఎనిమిదుల అరవై నాలుగు, అంటే 64 జతలు. సున్నా నంబరు జత లైబ్రరీదే, దాన్ని ఇనిట్-పెయిర్‌తో మార్చలేం, మనవి 1 నుంచి మొదలు. ఇది పుస్తకంలో చదివితే తేలిక విషయం. పని దగ్గరికి వస్తే ఇలా దెబ్బతీస్తుంది: బ్యాచ్ వివరాల పాపప్ విండోకి నీలం వెనక రంగు పెట్టాను, దాని మీద ఎక్స్‌పైరీ లైను ఎరుపు-నలుపు జతతో రాశాను, ఎందుకంటే మెయిన్ లిస్టులో అదే వాడాను. నీలం పెట్టె మధ్యలో నల్లటి పట్టీ, అందులో ఎర్రటి అక్షరాలు వచ్చాయి. అక్షరం గడికి తన జత ఉంటే విండో వెనక రంగుని పట్టించుకోదు, సున్నా జతతో రాసిన గడి మాత్రమే విండో రంగు తీసుకుంటుంది. కాబట్టి ఎరుపు-నీలం జత ఇంకొకటి కట్టాను. కట్టి చూస్తే నీలం మీద ఎరుపు చదవడమే కష్టం. చివరికి ఆలోచనే మార్చుకున్నాం, గడువు దాటినవి ఎరుపు మీద తెల్ల అక్షరాలు, షార్ట్ ఎక్స్‌పైరీ పసుపు మీద నల్ల అక్షరాలు. రెండు చోట్లా, అంటే నలుపు లిస్టులోనూ నీలం పాపప్‌లోనూ, ఒకే జత సరిపోయింది, దూరం నుంచి కూడా కనపడుతోంది.

విండోకి వెనక రంగు పెట్టడం అన్నానే, అందులోనే ఒక పూట పోయింది. డబ్ల్యూ-ఎట్రాన్‌తో నీలం ఆన్ చేసి, విండో చెరిపి, అక్షరాలు రాస్తే, రాసిన చోట మాత్రమే నీలం, ఖాళీ గళ్లన్నీ నలుపు. ఎట్రాన్ ఇకమీదట రాసే అక్షరాలకి మాత్రమే. ఖాళీ గళ్లతో సహా విండో మొత్తం రంగు మారాలంటే డబ్ల్యూ-బికెజిడి, ఆ విండో బ్యాక్‌గ్రౌండ్‌ని మార్చే ఫంక్షన్ అది. ఆ తర్వాత డబ్ల్యూ-ఇరేజ్ చేసినా ఆ నీలంతోనే నింపుతుంది. ఇంతవరకూ బాగుంది. నేను పాపప్‌కి బయట ఒక విండో, దాని చుట్టూ గీత, లోపల డెర్-విన్‌తో చిన్న విండో పెట్టుకుంటాను, అక్షరాలు గీత మీదికి పోకుండా. పాపప్ తెరవగానే నీలంగా ఉంది, లోపల పేజీ మార్చి ఇరేజ్ చేయగానే లోపలి భాగం నల్లగా అయిపోయింది, చుట్టూ అంచు మాత్రం నీలం. కారణం ఏంటంటే, లోపలి విండో పుట్టే క్షణంలో తల్లి విండో బ్యాక్‌గ్రౌండ్ ఏముంటే అది తీసుకుంటుంది. నేను లోపలి దాన్ని ముందు పుట్టించి, తల్లికి నీలం తర్వాత వేశాను. రెండిటికీ గళ్ల మెమరీ ఒకటే కాబట్టి మొదట నీలంగా కనిపించింది, పిల్ల విండో తన సొంత బ్యాక్‌గ్రౌండ్‌తో చెరిపేసరికి అసలు రంగు బయటపడింది. రెండు లైన్లు అటూ ఇటూ మార్చాను, అయిపోయింది.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం రంగు కాదు, గెట్-సిహెచ్. టర్బో సి రోజుల నుంచి అందరికీ తెలిసిన పేరే, కీ నొక్కేదాకా ఆగడానికి. కర్సెస్‌లో దానికి కనపడని ఇంకో పని ఉంది. కీ కోసం ఆగేముందు, స్టాండర్డ్ స్క్రీన్‌లో, అంటే కర్సెస్ ముందే ఇచ్చే మొత్తం తెరంత విండోలో, ఏమైనా మారి ఉంటే దాన్ని తెర మీదికి పంపేస్తుంది. నేను పాపప్ విండో తెరిచి, గీత గీసి, రంగు వేసి, రిఫ్రెష్ చేసి, కీ కోసం గెట్-సిహెచ్ పిలిచాను. పాపప్ కనురెప్పపాటు కనిపించి మాయమైపోయింది. ఒక్కోసారి సగం కనిపించేది. దీన్ని రంగుల సమస్య అనుకుని జతలు తిరగేశాను, మరో రోజు పోయింది. సంగతేమిటంటే గెట్-సిహెచ్ కింద ఉన్న స్టాండర్డ్ స్క్రీన్‌ని పాపప్ మీద పరిచేస్తోంది. పాపప్ తెరిచి ఉన్నప్పుడు డబ్ల్యూ-గెట్-సిహెచ్ పిలవాలి, దానికి పాపప్ విండోనే ఇవ్వాలి. అదే విండో మీద కీప్యాడ్ కూడా ఆన్ చేయాలి, లేకపోతే ఫంక్షన్ కీలు విడివిడి అక్షరాలుగా వస్తాయి, ఆపరేటర్ల చేతులు ఎఫ్-కీల మీదే ఉంటాయి కాబట్టి అది మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. కర్సెస్ మొదటిసారి రాసేవాళ్లందరికీ ఇదే ఎదురవుతుంది, విండో కట్టాం, బాక్స్ గీశాం, ఖాళీ తెర వచ్చింది అని. కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

పాపప్ మూసేటప్పుడు దాని మరకలు కింద మిగలడం ఇంకో సమస్య. విండోని డిలీట్ చేస్తే మెమరీ పోతుంది కానీ తెర మీద బొమ్మ పోదు, కింద ఉన్న విండోలో ఏమీ మారలేదు కాబట్టి రిఫ్రెష్ కూడా ఏమీ పంపదు. టచ్-విన్ పిలిచి "ఇదంతా మారింది అనుకో" అని చెప్పొచ్చు. ఒకటి రెండు విండోలకి అది చాలు. మాకు లిస్టు మీద బ్యాచ్, బ్యాచ్ మీద కన్ఫర్మేషన్, దాని మీద ఎర్రర్ మెసేజ్, ఇలా నాలుగు దొంతరలు పడతాయి. అందుకని ప్యానెల్ లైబ్రరీకి మారాను, అది ఎన్‌కర్సెస్‌తోనే వస్తుంది. ఏ విండో పైన, ఏది కింద అన్న వరస అదే చూసుకుంటుంది. అప్‌డేట్-ప్యానెల్స్ ఒకసారి, డూ-అప్‌డేట్ ఒకసారి, అంతే, ఇక విడివిడిగా ఏ విండోకీ రిఫ్రెష్ పిలవకూడదు. కంపైల్ చేసేటప్పుడు ప్యానెల్ లైబ్రరీ ముందు, ఎన్‌కర్సెస్ తర్వాత రాయాలి. తెర మినుకు కూడా దీనితోనే తగ్గింది, ఎందుకంటే అన్ని మార్పులూ కలిపి ఒకే విడతలో పోతున్నాయి.

రెండో వారం చివర్లో అన్నీ బాగున్నాయనుకుని గోడౌన్‌లో పెట్టాను. తొమ్మిది పీసీల్లో మూడింట్లో బాక్స్ గీతల బదులు ఎల్, క్యూ, ఎక్స్ అక్షరాలు వరసగా వచ్చాయి. రంగులు సరిగ్గానే ఉన్నాయి, గీతలు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు. విటి100 కాలం నుంచి గీతలు గీసే పద్ధతి ఏంటంటే, ముందు ఒక కోడ్ పంపి అక్షరాల సెట్ మార్చడం, ఆ సెట్‌లో క్యూ అంటే అడ్డగీత, ఎక్స్ అంటే నిలువుగీత. పాత పుట్టీ వెర్షన్లు యుటిఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలు పంపే పద్ధతి) మోడ్‌లో ఆ సెట్ మార్చే కోడ్‌ని పట్టించుకోవు, అందుకని క్యూ క్యూగానే పడుతుంది. ఆ మూడు పీసీల్లో పాత పుట్టీ ఉంది. ఎన్‌కర్సెస్‌కి ఎన్‌కర్సెస్-నో-యుటిఎఫ్8-ఎసిఎస్ అనే వేరియబుల్‌లో 1 అని పెడితే గీతల్ని యూనికోడ్ అక్షరాలుగా పంపుతుంది, అది తాత్కాలికంగా పనిచేసింది. కానీ మళ్లీ అదే మూలం చూడండి: పుట్టీ తనని తాను ఎక్స్‌టర్మ్ అని చెప్పుకుంటోంది. అది ఎక్స్‌టర్మ్ కాదు. టర్మ్‌ఇన్ఫోలో పుట్టీకి సొంత ఎంట్రీలు ఉన్నాయి, వాటిలో పుట్టీ-256కలర్ ఒకటి, ఆ ఎంట్రీలోనే గీతలకి యూనికోడ్ వాడమనే సూచన రాసి ఉంది. డెబియన్‌లో అది ఎన్‌కర్సెస్-టర్మ్ అనే ప్యాకేజీలో వస్తుంది. ప్యాకేజీ వేసి, తొమ్మిది పీసీల్లోనూ పుట్టీ సెటింగ్స్‌లో కనెక్షన్ కింద డేటా పేజీలో టెర్మినల్ టైప్ మార్చాను. గీతలు వచ్చాయి, 256 రంగులు కూడా వచ్చాయి, ఆ వేరియబుల్ తీసేశాను. దీనితో పాటు ప్రోగ్రామ్‌లో అన్నిటికంటే ముందు సెట్-లొకేల్ పిలవాలి, వైడ్ అక్షరాల ఎన్‌కర్సెస్‌తో, అంటే చివర డబ్ల్యూ ఉన్న లైబ్రరీతో లింక్ చేయాలి. ఇవి రెండూ లేకపోతే మిగతావి ఎన్ని చేసినా యుటిఎఫ్-8 గీతలు సరిగ్గా రావు.

దీనికో ఖర్చు ఉంది, చెప్పాలి. అదే పుట్టీలతో వాళ్లు ఆఫీసులో ఉన్న ఇంకో పాత సర్వర్‌కి కూడా లాగిన్ అవుతారు, అక్కడ ఆ ప్యాకేజీ లేదు. ఏ కర్సెస్ ప్రోగ్రామ్ తెరిచినా టెర్మినల్ తెరవలేకపోయాను అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. ఆ సర్వర్‌లో నాకు రూట్, అంటే అడ్మిన్ అధికారం, లేదు. ఇక్కడ ఇన్ఫోకంప్‌తో ఎంట్రీని ఒక ఫైల్‌లోకి తీసి, అక్కడికి పంపి, టిక్ కమాండ్‌తో కంపైల్ చేస్తే రూట్ లేకపోయినా హోమ్ డైరెక్టరీలో టర్మ్‌ఇన్ఫో ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. రెండిటికీ చిన్న ఎక్స్ ఆప్షన్ ఇవ్వడం మరచిపోకండి. గీతల కోసం నేను చెప్పిన ఆ సూచన అదనపు లక్షణాల కిందకి వస్తుంది, ఆ ఆప్షన్ లేకుండా తీస్తే అదే రాలిపోతుంది.

ఒక పీసీలో ఇంకా ఒక వింత మిగిలింది. నీలం పాపప్‌లో అక్షరాల కుడి వైపు నల్లటి చిల్లులు. మిగతా ఎనిమిదింట్లో లేవు. ఆ ఆపరేటర్ దగ్గర కూర్చుని చూస్తే ఆయన కనెక్షన్ తెగినా పని పోకుండా స్క్రీన్ అనే ప్రోగ్రామ్ లోపల పనిచేస్తున్నారు, మంచి అలవాటే. టర్మ్ చూస్తే ఎక్స్‌టర్మ్. స్క్రీన్ లోపల ఉన్నప్పుడు టర్మ్ స్క్రీన్ అని ఉండాలి, స్క్రీనే ఆ పేరు పెడుతుంది, ఆయన బాష్ ఫైల్‌లో ఉన్న ఒక లైను దాన్ని మార్చేస్తోంది. చెరిపిన గళ్లని ప్రస్తుత వెనక రంగుతో నింపే లక్షణం ఎక్స్‌టర్మ్‌కి ఉంది, దాన్ని బిసిఇ అంటారు. స్క్రీన్ మామూలుగా అలా నింపదు. టర్మ్ నిజం చెబితే ఎన్‌కర్సెస్ చెరిపే కోడ్ పంపకుండా ఒక్కో ఖాళీ గడీ రంగుతో రాసి పంపేది. ఎక్స్‌టర్మ్ అని విన్నది కాబట్టి "లైను చివరిదాకా చెరుపు" అన్న పొట్టి కోడ్ పంపింది, స్క్రీన్ నలుపుతో చెరిపింది. ఇదీ ఒక్క లైను తీసేస్తే పోయింది. విటి100, ఎక్స్‌టర్మ్ అన్న పుట్టీ, ఎక్స్‌టర్మ్ అన్న స్క్రీన్, మూడూ ఒకటే జబ్బు. టర్మ్‌ని ప్రొఫైల్ ఫైళ్లలో చేత్తో రాయకండి. ఏ తెర పేరు ఆ తెరే చెప్పుకోవాలి, ఆ పేరు తప్పయితే తెర సెటింగ్స్‌లో సరిదిద్దాలి.

రంగులు ఎలా వాడాలి అన్నదానికి వస్తే, కోడ్‌లో ఎక్కడా ఎరుపు, పసుపు అని రాయకూడదని మొదటే అనుకున్నాను. గడువు దాటింది, షార్ట్ ఎక్స్‌పైరీ, హోల్డ్‌లో ఉంది, ఎంచుకున్న లైను, ఇలా అర్థాల పేర్లు, ఒక పట్టిక, అందులో ప్రతి అర్థానికీ రంగున్న తెర మీద ఏ జత, రంగు లేని తెర మీద ఏ గుర్తు అని. హ్యాజ్-కలర్స్ లేదంటే గడువు దాటినదానికి రివర్స్ (అక్షరం, వెనక భాగం తిరగేసి), షార్ట్‌కి బోల్డ్. వారానికోసారి టర్మ్‌ని కావాలని విటి100 చేసి ప్రోగ్రామ్ నడిపి చూస్తాను, అప్పుడు కూడా పని జరగాలి.

అకౌంట్స్ మేడమ్ పుట్టీకి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకుంటారు, నలుపు ఆమె కళ్లకి పడదు. యూజ్-డిఫాల్ట్-కలర్స్ పిలిచి వెనక రంగుకి మైనస్ 1 ఇస్తే యూజర్ ఇష్టపడ్డ బ్యాక్‌గ్రౌండ్ అలాగే ఉంటుంది, బాగానే ఉంటుంది. కానీ అక్షరాలకి మనం పసుపు ఎంచుకుంటే తెలుపు మీద పసుపు అయి కనపడకుండా పోతుంది, హోల్డ్ లైన్లు ఆమెకి అలాగే మాయమయ్యాయి. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. అర్థం ఉన్న రంగు అయితే జతలో రెండు వైపులూ మనమే చెప్పాలి. మామూలు అక్షరాలయితే రెండు వైపులూ యూజర్‌కే వదిలేయాలి. ఒక వైపు మనది, ఒక వైపు వాళ్లది అయిన చోటే గొడవ.

అన్నీ అయ్యాక ఐదో రోజు, రాత్రి షిఫ్ట్ కుర్రాడు ఒకతను నన్ను పక్కకి పిలిచి, "అన్నా, అందరూ ఎర్ర లైను, ఆకుపచ్చ లైను అంటున్నారు, నాకు రెండూ ఒకేలా ఉన్నాయన్నా" అన్నాడు. చెప్పడానికి మొహమాటపడ్డాడు, ఉద్యోగం పోతుందేమోనని భయం కూడా. అతనికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. స్టాక్ బాగా ఉన్న లైన్లకి నేను అందంగా ఉంటుందని ఆకుపచ్చ పెట్టాను, ఎవరూ అడగలేదు. ఆ ఆకుపచ్చ ఆ రాత్రే తీసేశాను. ప్రతి లైను మొదట్లో ఒక అక్షరం గడి పెట్టాను, గడువు దాటితే ఎక్స్, షార్ట్ అయితే ఎస్, హోల్డ్ అయితే హెచ్. ఇప్పుడు అతను ఆ అక్షరం చూస్తాడు, మిగతావాళ్లు రంగు చూస్తారు, ప్రింట్ తీసినప్పుడు కూడా ఆ అక్షరమే పనికొస్తోంది. ఇది చివర్లో కాదు, మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న. తొమ్మిది మందితో కూర్చుని నాలుగు రంగు పట్టీలు చూపించి ఏది ఏమిటని అడిగితే పావుగంట పట్టేది.

షాపుల పేర్లు తెలుగులో కావాలని యజమాని అడిగారు, దాని గురించి కూడా రాయాలి, ఎందుకంటే అది కాలేదు. టెర్మినల్‌లో ప్రతిదీ గళ్ల లెక్క. యూనికోడ్‌లో మన గుడి, దీర్ఘం వెడల్పు లేని గుర్తులుగా ఉన్నాయి, కొమ్ము మాత్రం వెడల్పు ఉన్న గుర్తుగా ఉంది. ఒత్తులు వచ్చేసరికి లైబ్రరీ లెక్కపెట్టే గళ్లు వేరు, ఫాంట్ నిజంగా తీసుకునే చోటు వేరు. 'శ్రీ' అని మొదలయ్యే ప్రతి షాపు పేరు దగ్గరా, మందుల షాపుల్లో అవి ఎన్నో మీకు తెలుసు, కుడి గీత పక్కకి జరిగింది, రంగు పట్టీ కూడా దానితో పాటు జరిగింది. గీతలున్న విండోల్లో ఇంగ్లిష్ పేర్లే ఉంచాను. తెలుగు పేరు అడుగున చివరి వరుసలో, పక్కన ఇంకేమీ లేని చోట, ఎంచుకున్న షాపుది ఒక్కటే చూపిస్తున్నాను. అక్షరాలు విడివిడిగా పడకుండా కలిసి కనిపించడం కూడా ఏ టెర్మినల్ వాడుతున్నారు, ఏ ఫాంట్ ఉంది అన్నదాని మీద ఆధారపడుతుంది, మన ప్రోగ్రామ్ చేతిలో లేదు.

మిగిలినవి చిన్నవి. విండో సైజు మారినప్పుడు కీ-రీసైజ్ వస్తుంది, అది రాగానే విండోలు మళ్లీ కట్టి ప్యానెల్స్‌కి కొత్తవి ఇస్తున్నాను. ప్రోగ్రామ్ మధ్యలో పడిపోతే ఎండ్-విన్ జరగక తెర ఎర్రగా, ఎంటర్ పనిచేయకుండా ఉండిపోతుంది. నిష్క్రమణలో తప్పకుండా నడిచేలా ఒక ఫంక్షన్ పెట్టి అక్కడ ఎండ్-విన్ పిలుస్తున్నాను. అయినా చిక్కుకుంటే రీసెట్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టమని, ఎంటర్ పనిచేయకపోతే కంట్రోల్-జె కొట్టమని గోడ మీద కాగితం అంటించాను.

ఇప్పటికి ఏడు నెలలు. ఈమధ్య వెళ్లినప్పుడు సీనియర్ ఆపరేటర్ పసుపు లైన్లన్నిటినీ వేరే ర్యాక్‌కి మార్పించి, కంపెనీలకి ఎక్స్‌పైరీ రిటర్న్ పంపేవి అక్కడి నుంచే తీస్తున్నారు. నేను అడగలేదు, ప్రోగ్రామ్ చెప్పలేదు, స్క్రీన్ చూసి ఆయనే చేసుకున్నారు. వచ్చే నెల ఆ ర్యాక్ నంబరు కూడా లిస్టులో ఒక కాలమ్‌గా పెట్టమన్నారు, 80 గళ్లలో చోటు ఎక్కడ తీయాలో చూస్తున్నాను.